విధికుడి పేరు ఎవరు చెప్తారు?

అమరావతి శిల్పాల మీద మ్యూజియం ఉపన్యాసాలు మేమూ విన్నాం. 1845లో ఎలియట్ తవ్వించిన సంగతి, 1859లో రాళ్లు మద్రాసు నుంచి లండన్‌కి తరలిన సంగతి చెప్పారు. శాతవాహన రాజుల్ని పొగిడారు. శాసనంలో ఉన్న ఒక పేరు మాత్రం ఎవరూ పలకలేదు. విధికుడు. చమ్మకారుడు, అంటే తోలుపని చేసినవాడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకని స్తూపానికి దానమిచ్చాడు.

ఈ మాట రామాపురం మాదిగపల్లెలో చెప్తే ఓ పెద్దాయన, "అయ్యోరి కొడుకు తోలుపని చేశాడా?" అని అడిగాడు. అసలు ప్రశ్న అదే. విధికుణ్ణి నేటి కులంతో నేరుగా ముడిపెట్టలేం. కానీ చదువూ తోలుపనీ ఒకే ఇంట్లో ఉన్నాయనడానికి ఆ శాసనమే సాక్ష్యం. తోలు ముట్టినోడికి చదువు ఏనాడూ లేదన్న మాట అబద్ధం. పూర్ణఘటం అందం గురించి మాట్లాడే పండితులు, చిత్రకారులు ముందు దాన్ని ఇచ్చినవాడి పేరు చెప్పాలి. చెప్పకపోతే ఆ ఉపన్యాసం మా పల్లెలో మేమే పెడతాం.