ఆయిల్ మూత కింద మీగడ

కార్ల పిచ్చి ఉన్న బ్రిటిష్ వాడి దగ్గర రోవర్ కె-సిరీస్ అని చూడండి, వెంటనే "హెడ్ గాస్కెట్ పోయిందా?" అంటాడు. అంత మంచి పేరు తెచ్చుకుందా ఇంజను :) నా దృష్టిలో మాత్రం దానికి కాస్త అన్యాయమే జరిగింది.

1989లో రోవర్ 200తో బయటికొచ్చింది. మొదట్లో 1.1, 1.4 లీటర్లే. మొత్తం అల్యూమినియం, బరువు తక్కువ. హెడ్డు, బ్లాకు, కింది భాగం అన్నిట్నీ పది పొడుగాటి బోల్టులు పైనుంచి కిందదాకా కలిపి బిగిస్తాయి. త్వరగా వేడెక్కాలని లోపల నీళ్ళు కూడా తక్కువే పెట్టారు. చిన్న కారుకి చక్కటి డిజైను.

తర్వాత 1.8 కావాల్సొచ్చింది. రెండొందల మంది యూజర్ల కోసం రాసిన అప్లికేషన్ని ఇరవై వేలమందికి పెట్టమన్నట్టన్నమాట! 75 మి.మీ. బోరుని 80 చేశారు, స్ట్రోకుని 89.3కి లాగారు. సిలిండర్ల మధ్య దూరం మాత్రం పెరగలేదు. ఆ ఇంజన్నే 1995లో ఎంజీఎఫ్‌లో, 1996లో లోటస్ ఎలీజ్‌లో సీట్ల వెనక పెట్టారు. రేడియేటరేమో ముందు! థర్మోస్టాట్ నీళ్ళు లోపలికొచ్చే వైపుంది కాబట్టి, అది తెరుచుకోగానే పొడుగాటి గొట్టాల్లోని చల్లనీళ్ళు ఒక్కసారిగా వేడి ఇంజన్లోకి వస్తాయి. హెడ్డుని కదలకుండా పట్టాల్సిన డోవెల్ పిన్నులేమో ప్లాస్టిక్‌వి. ఇంక గాస్కెట్ మీదుండే రబ్బరు లాంటి పూత ఎన్నాళ్ళాగుతుంది?

ఇక కనిపెట్టడం దగ్గరే అసలు తిరకాసు. ఆయిల్ మూత విప్పితే మీగడలాంటి పదార్థం కనిపించగానే గాస్కెట్ అని తీర్మానించేవాళ్ళు. చలిదేశంలో రోజూ రెండు కిలోమీటర్లు తిప్పే కారుకి, గాస్కెట్ బాగున్నా, తేమ పట్టి ఆ మీగడ వస్తుంది. నీళ్ళు తగ్గిపోతున్నాయా? ఇన్‌లెట్ మానిఫోల్డ్ గాస్కెట్ కారినా తగ్గుతాయి. నమ్మదగ్గ పరీక్షలు వేరే ఉన్నాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే పై గొట్టం రాయిలా గట్టిపడితే సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి దూరుతున్నట్టే. ట్యాంకు మీంచి వచ్చే గాలిని నీలం ద్రవంలోంచి పోనిస్తే, అది పసుపు రంగుకి మారితే ఇంక అనుమానం అక్కర్లేదు. ఏ సిలిండరో తెలియాలంటే ప్లగ్గు తీసి గాలి ఎక్కించి ట్యాంకులో బుడగలొస్తున్నాయేమో చూడాలి.

అయినా ఇదంతా "ఏం పోయింది" అన్నదానికే జవాబు, "ఎందుకు పోయింది" అన్నదానికి కాదు. చాలా గారేజీలు కొత్త గాస్కెట్ వేసి పంపించేసేవి. లైనర్లు బ్లాకు కంటే వెంట్రుకవాసి పైకి ఉండాలి, అవి కిందికి కుంగాయా అని కొలిచేవాళ్ళు తక్కువ. కుంగితే ఎన్ని గాస్కెట్లు మార్చినా దండగే. మళ్ళీ వచ్చేది, మళ్ళీ బిల్లు, మళ్ళీ ఇంజన్నే తిట్టడం. ఎర్రర్ పోవాలని సర్వర్ రీస్టార్ట్ చేయడం మనకి కొత్తా?

మందు కూడా దొరికింది. స్టీలు డోవెల్ పిన్నులు, పలు పొరల స్టీలు గాస్కెట్, ఒత్తిడిని బట్టి తెరుచుకునే కొత్త రకం థర్మోస్టాట్ వచ్చాయి. కాకపోతే బాగా ఆలస్యంగా. 2004లో లోటస్ ఎలీజ్ 111ఆర్‌కి టొయోటా ఇంజన్ తెచ్చుకుంది. 2005 ఏప్రిల్లో ఎంజీ రోవర్ కుప్పకూలింది, లాంగ్‌బ్రిడ్జ్‌లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. గాస్కెట్ వల్లే మునిగిందని నేననను, చేతిలో డబ్బుల్లేకపోవడమే పెద్ద రోగం. కానీ ఆ డబ్బుల్లేనితనమే ప్లాస్టిక్ పిన్నుల్లోనూ కనిపిస్తుంది.