ఇనుము నేర్పిన నీటి పాఠం

1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఫర్నేసుకు కోక్ కావాలి. గాలి తగలకుండా బొగ్గును కాల్చి కోక్ తయారుచేసేటప్పుడు వెలువడే వాయువును చల్లార్చిన నీటిలో ఫినాల్, సయనైడ్, అమ్మోనియా చేరతాయి. ఏ దేశపు కోక్ ఓవెన్లకైనా ఇదే సమస్య. ఆ నీరు శుద్ధి కాకుండా వాగులో కలిస్తే చేపలు చచ్చిపోతాయి. క్లోరిన్ కలిపితే సరిపోదా అంటారా? ఫినాల్‌తో కలిసి అది దుర్వాసనగల క్లోరోఫినాళ్లను ఏర్పరుస్తుంది.

ఒక దారి ఇనుములోనే ఉంది! హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు కొద్దిగా ఫెర్రస్ లవణం తోడైతే, మన చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం సైతం ఆక్సీకరణం చెందుతుందని 1894లో ఇంగ్లండులో హెన్రీ ఫెంటన్ చూపాడు. ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి హైడ్రాక్సిల్ స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టిస్తుందని 1934లో హేబర్, వైస్ వివరించారు. క్లోరిన్‌కన్నా బలమైన ఈ ఆక్సీకరణి ఫినాల్ వలయాన్ని ఛేదిస్తుంది. చర్య పూర్తిగా సాగితే మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీరు మాత్రమే. ఓజోన్, అతినీలలోహిత కిరణాలతోనూ ఈ ప్రాతిపదికను పుట్టించవచ్చు. ఇలాంటి పద్ధతులను 1987లో గ్లేజ్ బృందం 'అధునాతన ఆక్సీకరణ ప్రక్రియలు'గా నిర్వచించింది.

అయితే పెరాక్సైడ్ ఖరీదైనది. ఫెంటన్ చర్యకు నీటిని ఆమ్లయుతం చేయాలి. చివర ఇనుప మడ్డి మిగులుతుంది. అందుకే చౌకగా పనిచేసే బాక్టీరియాకు సింహభాగం అప్పగించి, అవి అరిగించుకోలేని వాటికే ఈ అస్త్రాన్ని వాడటం తెలివైన పని.