అల్పవ్యయముతో గృహశోభ

ఇంటిని అలంకరించుటకు ధనము పుష్కలముగా ఉండవలెనని మనలో పలువురి నమ్మకము. చేతికి నాలుగు డబ్బులు వచ్చినపుడు చూచుకొందమని గోడలను అట్లే విడిచి ఏండ్లు గడుపువారు కలరు. మన పెద్దలు మాత్రము ఈ పనిని సొమ్ముతో ముడిపెట్టలేదు, పండుగతో ముడిపెట్టిరి. నర్సీపట్నము చుట్టుపట్ల పల్లెల పాతయిండ్ల తీరును పరికించినచో ఈ సంగతి తేటపడును.

నర్సీపట్నము మైదానమునకును మన్యమునకును నడిమి గుమ్మము వంటిది. ఒక వంక చింతపల్లి కొండలు, వేరొక వంక పంటపొలములు. ఈ ప్రాంతపు సామాన్య గృహస్థునకు ఇల్లు క్రొత్తచేయుటకు కావలసిన సరకు కాలినడక దూరములోనే దొరికెడిది. సంక్రాంతి దగ్గరపడగనే మట్టిగోడల నెఱ్ఱెలు పూడ్చి, నేల అలికి, గోడలకు సున్నము కొట్టెడివారు. గోడ అడుగున జాజుపట్టె తీర్చి, గడపకు పసుపు పూసి, వాకిట ముగ్గు పెట్టి, గుమ్మమునకు మామిడాకుల తోరణము కట్టెడివారు. ఇవి వట్టి సింగారములని తలపరాదు. చిన్న కిటికీ గల చీకటి గదికి తెల్లని సున్నమే వెలుగు. వానచినుకులు చిందించు బురద మరకలను జాజుపట్టె కప్పివేయును. అందమును అవసరమును అచట ఒకే చేతిపనిలో కుదిరినవి.

గోడల సంగతి ఇట్లుండగా, గూటిలోనికి వస్తువులు ఎచటినుండి వచ్చినవి? నర్సీపట్నపు కొండలలో పుట్టిన వరాహనది సముద్రమును చేరబోవు దారిలో ఏటికొప్పాక అను గ్రామము కలదు. అచటి పనివారు తరతరములుగా అంకుడు కర్రతో బొమ్మలు చేయుచున్నారు. అంకుడు తెల్లనిది, మెత్తనిది, ఉలికి సులువుగా లొంగునది. రంగు పట్టించుటకు వాడునది లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు కూడబెట్టు జిగురే ఇది. భారతకథలో పాండవులను కాల్చుటకై కట్టిన లక్కయింటి వలన దీని పేరు మనకందరకు తెలిసినదే. ఆ కథలో నిప్పుకు లొంగిన గుణమే ఇచట పనివానికి అక్కరకు వచ్చినది. లక్కను వెచ్చచేసి, రంగు కలిపి, కడ్డీలుగా చేయుదురు. తరిమెనపై గిర్రున తిరుగు కొయ్యకు ఆ కడ్డీని అదిమినచో రాపిడి వేడికి లక్క కరగి పూతగా పట్టుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది నునుపు తేర్తురు. కుంచెతో పనిలేదు, ఆరబెట్టుటతో పనిలేదు.

బాలికల లక్కపిడతలు, ముత్తైదువుల కుంకుమ భరిణెలు, కొలువులో నిలుచు బొమ్మలు, అన్నియు ఈ తీరున పుట్టినవే. లేనివారి యింటనైనను గూటిలో రెండు భరిణెలుంచినచో ఆ గూటికే కళ వచ్చును.

ఈ రంగుల చరిత్రలో ఒక మలుపు దూరదేశమున వచ్చినది. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు మొదటి కృత్రిమ అద్దకపు రంగును కనుగొనెను. 1897లో జర్మనీనుండి కృత్రిమ నీలి అంగడికి వచ్చెను. పిమ్మట మన దేశపు నీలిసాగు కూలిపోయెను. చౌకగా, సిద్ధముగా దొరకు పొడులు చేతికి రాగా ఏటికొప్పాక పనివారును వానినే పట్టిరి. ఇందు వారిని తప్పుపట్ట నలవికాదు. చౌకను కోరినవారము కొనువారమైన మనమే. కాని కొన్ని అంగడిరంగులలో సీసము వంటి విషలోహములుండును. బొమ్మను నోట పెట్టుకొనునది పసిబిడ్డ. చౌకయని మనము కొన్నదానికి వెల చెల్లించునది ఎవరో అపుడు గాని తెలియదు.

ఆ పరిస్థితిలో శ్రీ సి. వి. రాజు ఆ గ్రామముననే యుండి, ఆకులు, గింజలు, వేళ్ళు, బెరడులనుండి రంగులు తీయు విద్యను పనివారితో కలసి మరల నిలబెట్టిరి. పసుపుకొమ్ము పచ్చనను, జాఫ్రా గింజ నారింజ వన్నెను, నీలి నీలమును ఇచ్చును. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో శ్రీ రాజుగారిని పద్మశ్రీ వరించెను.

నేటి సిమెంటుగోడకు జాజుపట్టెతో పనిలేకపోవచ్చును. ఆ పట్టె వెనుకనున్న ఆలోచన మాత్రము ఇంకను పనికివచ్చునదే. గదికి వెలుగునిచ్చు లేతవన్నె సున్నము, చేయి తగులు చోట మరక కనబడని ముదురువన్నె పట్టె, గూటిలో ఊరిపేరు చెప్పగల బొమ్మలు రెండు మూడు: ఇంతమాత్రమున గది మారిపోవును. ఏటేట పారవేయు ప్లాస్టికు పూలదండలకంటె ఏండ్లకొలది నిలుచు ఒక్క లక్కబొమ్మ లెక్కకు చౌక. బొమ్మ కొనునపుడు ఏ రంగు వేసితిరని అడుగుటయు మన వంతు. ఇంకొక మాట: అంకుడు చెట్టు లేనిదే ఆ బొమ్మ లేదు. నరికిన చోట మరల నాటిననే, మన మనుమల గూళ్ళలోనికి భరిణెలు వచ్చును.