పొగాకును, శస్త్రచికిత్సలోని నొప్పియును

చుట్ట త్రాగువానికి కోత పిమ్మట నొప్పి హెచ్చుగా నుండునని వైద్యులు చెప్పగా మనలో పలువురకు వింతగా తోచును. పంటిపోటునకు పొగాకు నొక్కిపెట్టుట మన యిండ్లలో నెరిగినదే కదా! ఆ నమ్మకమునకును చరిత్ర కలదు. దానినే ముందుగా మనవి చేసెదను.

1560 ప్రాంతమున పోర్చుగలులోని ఫ్రెంచి రాయబారి జా నికో పొగాకును ఔషధముగా నెంచి తన రాజాస్థానమునకు పంపెను. 1828లో జర్మనీయులగు పాసెల్టు, రైమన్ అనువారలు ఆకునుండి వేరుచేసిన విషమునకు నికోటిను అను పేరు ఆయనవలననే కలిగినది. మత్తుమందులు లేని ఆ కాలమున, ప్రేగు జారి బిగిసినపుడును, కీలు తొలగినపుడును, ఐరోపా శస్త్రవైద్యులు పొగాకు కషాయమునో పొగనో గుదమార్గమున నెక్కించెడివారు. విషమునకు రోగి కండలు సడలిపోవును. అంతట వైద్యుడు తన పని కానిచ్చును. మోతాదు మించి మరణించినవారును కలరు. నా తలంపున నది బాధ మాన్పుట కాదు, మనిషిని సగము చంపుట.

1846 అక్టోబరు 16న బోస్టనులో మార్టను ఈథరును, మరుసటి యేట ఎడింబరోలో సింప్సను క్లోరోఫారమును చూపుటతో పొగాకు కా యుద్యోగము తప్పినది. క్లోరోఫారమువలన ముందు శ్వాస నిలుచునా, గుండె నిలుచునా యను వాదమును తేల్చుటకు 1888, 1889లలో మన హైదరాబాదుననే లారీ దొర పూనికతో సంఘములు కూడెను. రెండవదానికి నిజాము ప్రభువు ధనమిచ్చిరి. శ్వాసను కనిపెట్టి యుండుడని వారు చేసిన నిర్ణయము సంపూర్ణసత్యము కాకపోయినను, పొగత్రాగువాని విషయమున నేటికిని పనికివచ్చు మాటయే.

1944లో ఇంగ్లండున మరియొక మార్టను (ఈథరు మార్టను వేరు, ఈయన వేరు) ఉదరశస్త్రము జరిగినవారిని పరిశీలించి, దినమునకు పది సిగరెట్లకు మించి కాల్చువారికి రొమ్ము చిక్కులు సుమారు ఆరు రెట్లని ప్రకటించెను.

నొప్పి సంగతి యిచ్చటనే ముడిపడినది. పొగరాయునికి దగ్గు తప్పదు. దగ్గినచో కుట్లు పీకును. నొప్పికి జంకి దగ్గకున్నచో కఫము నిలిచి న్యుమోనియాకు దారితీయును. నికోటిను క్షణకాలము నొప్పిని మొద్దుబార్చు మాట నిజమే. కాని యేండ్ల తరబడి దానికి మరగిన నరములు, ఆసుపత్రి మంచముపై చుట్ట దొరకనినాడు, నొప్పిని హెచ్చుగా చాటును. అట్టివారికి నల్లమందు జాతి మందులు తరచు హెచ్చు మోతాదున కావలసివచ్చుచున్నవి. ఆ మందులో, శ్వాసను మందగింపజేయును! మత్తిచ్చు వైద్యుని సంకటమిదియే.

శస్త్రమునకు నాలుగు వారములు ముందుగా మానినచో రొమ్ము చిక్కులును, పుండు మానని బాధయును తగ్గును. ఒక్క దినము మానినను నెత్తురులోని బొగ్గుపొగ విషము చాలవరకు తొలగును. రోగి తహతహ చూచి జాలితో బంధువులు చాటుగా చుట్ట నందించుట నేనెరుగుదును; దానికి బదులు వైద్యు నడిగినచో తహతహకు మందు కలదు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున అడ్డపొగ త్రాగు తల్లులు కలరు. నిప్పు నోటిలోపల దాగియుండును గనుక అలవాటును ఊరివా రెరుగుదురేగాని పట్టణపు వైద్యు డెరుగడు. వెంట వెళ్లినవారే దినమునకు ఎన్ని చుట్టలో లెక్క చెప్పవలెను. మందు మోతాదు నెంచుకొనుటలో ఆయన దానినికూడ లెక్కలోనికి తీసికొనును.