ఎరువుసొమ్ము: ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహమున తెలుగు పలుకు

ఆకాశమునుండి దిగివచ్చు మాట ఏ భాషలో నుండవలెననెడి ప్రశ్న తెలుగునకు మొదటిసారి 1975లో ఎదురయ్యెను. దానిని తెచ్చినది అమెరికావారి ఎ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము.

1974 మే 30న ప్రయోగింపబడిన ఈ ఉపగ్రహము భూమధ్యరేఖకుపైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమముగా తిరుగుచు, చూచువారికి ఒకేచోట నిలిచినట్లుండెను. ఇట్టి కక్ష్య ప్రసారముల కుపకరించునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే వ్రాసియుండెను. దీని విశేషమంతయు గొడుగులోనే కలదు. తొమ్మిది మీటర్లకు పైబడిన ఆంటెనా ముడుచుకొని పోయి, కక్ష్యలో విచ్చుకొనెను. పైగొడుగు పెద్దదగుటచే క్రింద చిన్నది చాలెను: కోళ్ళదొడ్లకు వాడు తీగవలతో చేసిన మూడు మీటర్ల గొడుగులే పల్లెలలో నిలిచినవి.

1969నాటి ఒప్పందము వెనుక విక్రమ్ సారాభాయి పట్టుదల యుండెను. ఫలము చూడకయే ఆయన 1971లో కన్నుమూసెను. ఒక యేడు అమెరికాకు సేవచేసిన పిదప ఉపగ్రహమును తూర్పు ఆఫ్రికా మీదికి జరిపిరి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, ఆంధ్రప్రదేశముతోకూడ ఆరు రాష్ట్రములలో, 2,400 గ్రామముల కుద్దేశించిన ప్రసారములు దినమునకు నాలుగు గంటలు సాగినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. అహమ్మదాబాదునుండి పైకి పంపిన కార్యక్రమములలో తెలుగు, కన్నడములవి హైదరాబాదు కేంద్రమున తయారైనవి.

ఉపగ్రహమున చిత్రమునకు దారి ఒకటే, శబ్దమునకు రెండు. కనుక సాయంకాలము తెలుగువారును, కన్నడిగులును ఒకే చిత్రమును తమ తమ భాషలలో వినిరి. అనువాదకులు దీనిని తేలికపనిగా తలపరాదు. క్రియ చివరకు వచ్చుట రెండింటికిని సమానమగుటచే వాక్యపు తూకము కుదురును. కాని తెరమీది మనిషి ఎదురుగా నిలిచి మాటాడినచో పెదవులు ఒక భాషవే, రెండవది అతికిన గొంతు. పదములును మోసగించును. మన రైతు ఎరువనునది కన్నడ రైతునకు గొబ్బరము. అతనికి ఎరవనగా అడిగి తెచ్చుకొన్న వస్తువు. ఎరువుసొమ్ము అనునప్పుడు మనకును అదే యర్థము. ఆ యుపగ్రహమును అట్టిదే గదా!

గడువు ఒక యేడే. అది తీరగనే ఉపగ్రహము పడమటికి మరలెను. దానినే నమ్మిన పల్లెలలో పెట్టెలు మూగవోయినవి. సమీపమున భూతల ప్రసారకేంద్రములు వచ్చినచోట్ల మాత్రము కొన్నింటికి మరల పలుకు వచ్చెను. 1979లో ఎ.టి.ఎస్.-6 పని ముగిసెను. ఇతర ఉపగ్రహముల కడ్డురాకుండ దానిని మరికొంత పైకి నెట్టిరి.

మనదని చెప్పుకొనదగిన ఇన్సాట్-1ఏ 1982లో పోయి, కొన్ని నెలలకే ఇంధనము తరిగి చెడెను. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ నౌకలో వెళ్ళిన ఇన్సాట్-1బి ఆ లోటు తీర్చెను.