టీవీ, ఇంటర్నెట్, ఫోన్ ఒకే తీగపై: లేపాక్షి పీఠభూమిలో ప్రసార సాంకేతికతల సమ్మేళనం

ఏకశిలా నందికి, వీరభద్రస్వామి ఆలయానికి ప్రసిద్ధి చెందిన లేపాక్షి పూర్వం అనంతపురం జిల్లాలో భాగం. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షపాతాన్ని నమ్ముకొని వేరుశనగ విత్తే ఈ మెట్ట సీమలో వాన కబురు ఒక్కరోజు ఆలస్యమైతే విత్తనం మట్టిపాలు కావచ్చును. కనుక టెలివిజన్, ఇంటర్నెట్, మొబైల్ ఫోన్ ఏకమవుతున్న పరిణామాన్ని ఇక్కడ వినోదానికి సంబంధించిన విషయంగా మాత్రమే పరిగణించరాదు.

గ్రామీణుల చెంతకు టెలివిజన్‌ను చేర్చే ప్రయత్నం కొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ‘సైట్’ పేరిట జరిగిన ఉపగ్రహ బోధనా ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలు పాలుపంచుకున్నాయి. 1995 ఆగస్టు 27న ప్రారంభమైన ఈటీవీలో ‘అన్నదాత’ కార్యక్రమం రైతులకు సుపరిచితమైనది. అయితే ఇవన్నీ ఒకవైపు నుంచే సాగే ప్రసారాలు. నిర్ణీత సమయానికి తెర ముందు కూర్చోనివారికి సమాచారం అందేది కాదు. సందేహం కలిగితే తిరిగి అడిగే మార్గమూ లేదు.

సాధారణ కేబుల్ వ్యవస్థలో అన్ని ఛానళ్లూ ఏకకాలంలో ప్రతి ఇంటికీ ప్రవహిస్తాయి. ఇంటర్నెట్ ఆధారిత టెలివిజన్‌లో చిత్రం, ధ్వని చిన్న చిన్న డేటా పొట్లాలుగా మారతాయి; వీక్షకుడు ఎంచుకున్న ఛానల్ మాత్రమే ఆ ఇంటికి చేరుతుంది. ఫోన్ సంభాషణ, వెబ్ పేజీ కూడా అటువంటి పొట్లాలే అయినందున మూడింటికీ ఒకే తీగ సరిపోతుంది.

ఈ సూత్రాన్ని రాష్ట్రమంతటా అమలుచేసిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ లిమిటెడ్ ప్రాజెక్టు. 2016 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో తొలి అడుగు పడింది. 2017 డిసెంబరు 27న అమరావతిలో నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. తొలిదశలో సుమారు 333 కోట్ల రూపాయల వ్యయంతో దాదాపు 23,800 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్‌ను భూమిలో పూడ్చకుండా విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. విద్యుత్ సబ్‌స్టేషన్లే దాని కూడళ్లు. నందిని తొలిచిన గ్రానైటు వంటి రాతి నేలలో కందకం తవ్వడం ఎంత కష్టమో తెలిసినవారు ఈ పద్ధతిలోని వివేకాన్ని గుర్తించగలరు. అప్పట్లో నెలకు 149 రూపాయలకు, పన్నులు అదనంగా, 250కి పైగా ఛానళ్లు, 15 ఎంబీపీఎస్ వేగంతో 5 జీబీ ఇంటర్నెట్, టెలిఫోన్ సౌకర్యం ప్రకటించారు. 2023 జూన్ 2న విశాఖపట్నంలో, కొత్త సినిమాను విడుదల రోజునే 99 రూపాయలకు ఇంట్లో 24 గంటలపాటు చూసే పథకాన్ని కూడా ఇదే వేదికపై ఆరంభించారు.

స్తంభం మీది తీగకు పరిమితులూ ఉన్నాయి. గాలివానకు స్తంభం ఒరిగితే దీపంతోపాటు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నీ ఆగుతాయి. కరెంటు పోతే ఇంటిలోని పెట్టె పనిచేయదు. స్తంభం నుంచి గడప వరకు ఉన్న చివరి కొద్ది గజాల బాధ్యత స్థానిక కేబుల్ ఆపరేటరుది. మరమ్మతుకు ఆయన ఎంత త్వరగా వస్తారన్నదే వినియోగదారునికి ప్రాజెక్టు గీటురాయి.

ఈలోగా మొబైల్ ఫోన్ ముందుకు దూసుకుపోయింది. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన తరువాత డేటా ధరలు గణనీయంగా తగ్గాయి. 2020లో తెలుగు ఓటీటీ వేదిక ‘ఆహా’ వచ్చింది. లేపాక్షి మండలం హిందూపురం శాసనసభ నియోజకవర్గంలోనిది. ఆ నియోజకవర్గ శాసనసభ్యులు, సినీ నటులు శ్రీ నందమూరి బాలకృష్ణ 2021 నవంబరులో వ్యాఖ్యాతగా కనిపించినది టీవీ ఛానల్‌లో కాదు, ఆ ఓటీటీలోనే. ప్రేక్షకులు ఎటు మళ్లారో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

తెరలు ఏకమైనా చట్టాలు ఏకం కాలేదు. ప్రసార, టెలికాం రంగాలను ఒకే నియంత్రణ కిందకు తేవడానికి 2001లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన కమ్యూనికేషన్ల సమ్మేళన బిల్లు ఆమోదం పొందకుండానే మురిగిపోయింది. నేటికీ కేబుల్ టీవీకి 1995 నాటి చట్టం, ఓటీటీ, డిజిటల్ వార్తలకు 2021 ఐటీ నిబంధనలు వర్తిస్తాయి. టెలికాం రంగానికి 2023లో విడిగా చట్టం చేశారు. ఒకే వార్తాచిత్రం ఏ తెరపై కనిపించిందన్న దానిని బట్టి ఫిర్యాదు చేయవలసిన చోటు మారుతుందని పాత్రికేయులు, అధికారులు గమనించవలసి ఉన్నది.

2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారా అందుబాటులోకి తెచ్చింది. అడిగితే జవాబిచ్చే మార్గం దీనితో సామాన్యుని ఫోన్‌లోకి వచ్చినట్లయింది. అదే ఫోన్‌లో గత ఏడాది వర్ష హెచ్చరిక ఈ ఏడాదిదిగా చలామణీ కావడం కూడా సులభమే. టీవీ బులెటిన్ ఆ పూటతో ముగుస్తుంది. ఫోన్‌లోని వీడియోకు గడువు లేదు. కాబట్టి వాతావరణం, విత్తన పంపిణీ, పంటల బీమాపై జారీచేసే ప్రతి వీడియోలోనూ తేదీ, మండలం పేరు, జారీచేసిన అధికారి హోదా చిత్రంపైనే కనిపించేలా ముద్రించాలి. వీడియో కింద రాసిన వివరాలు ఒకరి నుంచి మరొకరికి పంపేటప్పుడు తరచుగా జారిపోతాయి. కర్ణాటక సరిహద్దున తెలుగుతోపాటు కన్నడం మాట్లాడే కుటుంబాలున్న గ్రామాలకు అదే సమాచారాన్ని రెండు భాషలలోనూ ఇవ్వడం ఉపయుక్తం.