మూలకణానికి గీటురాయి

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. మెతుకులన్నీ ఒకే తీరున ఉడుకుతాయి కనుక ఆ లెక్క చెల్లుతుంది. ఎముకల మూలుగలోని కణాల దగ్గర అది చెల్లదు. అక్కడ పదివేల కణాలను పరీక్షించినా అసలైన మూలకణం ఒక్కటీ తగలకపోవచ్చు. రక్తాన్ని జీవితాంతం పుట్టిస్తూ ఉండే ఈ అరుదైన కణాన్ని గుర్తించే ప్రయత్నాల చరిత్ర, వేగానికీ నమ్మకానికీ మధ్య సాగిన పెనుగులాట.

మొదటి పరీక్ష చాలా నెమ్మదైనది. 1961లో కెనడాలోని టొరంటో నగరంలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే శాస్త్రజ్ఞులు కొన్ని ఎలుకల మూలుగను వికిరణంతో నిర్వీర్యం చేసి, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మూలుగ కణాలను వాటికి ఎక్కించారు. సుమారు పదిరోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. ఎక్కించిన కణాల సంఖ్య పెరిగేకొద్దీ బొడిపెలూ అదే పాళ్ళలో పెరిగాయి. దాదాపు పదివేల కణాలకు ఒక బొడిపె! ఒక్కొక్క బొడిపె ఒకే ఒక్క కణం సంతానమని 1963లో తేలింది. కణం చేసిన పనిని చూసి దాని గుణాన్ని నిర్ణయించే పద్ధతి ఇది. కాని ఫలితం తెలిసేనాటికి మనకు కనబడేది సంతానమే. ఆ మొదటి కణం చేతికి చిక్కదు.

చిక్కాలంటే బతికుండగానే ఆనవాలు పట్టాలి. ప్రతి జాతి కణానికీ పైపొర మీద తనదైన ప్రోటీన్ల కూర్పు ఉంటుంది. ఒక్క ప్రోటీనుకు మాత్రమే అతుక్కునే ప్రతిరక్షకం దొరికితే ఆనవాలు దొరికినట్లే. 1975లో కేంబ్రిడ్జిలో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టైన్ ఆ దారి వేశారు. ప్రతిరక్షకాన్ని తయారుచేసే కణాన్ని చావెరుగని కాన్సరు కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని కావలసినంత పుట్టించారు. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆనవాలు ఉంటే చాలదు, లక్షల కణాలను ఒక్కొక్కటిగా చూసే కన్ను కూడా కావాలి. సిరాను బొట్లుబొట్లుగా చిమ్మే యంత్రసూత్రాన్ని వాడుకుని, 1965లో అమెరికాలోని లాస్ అలమోస్‌లో మాక్ ఫుల్‌వైలర్ కణాలను పరిమాణాన్నిబట్టి వేరుచేశాడు. స్టాన్‌ఫర్డ్‌లో లెనర్డ్ హెర్జెన్‌బర్గ్ బృందం దానికి కాంతిని జోడించి 1969లో ఫలితాలు ప్రకటించింది. మెరిసే రంగు పూసిన కణాలు కాంతిపుంజం ముందునుంచి వరుసగా సాగిపోతాయి. మెరిసిన కణం ఉన్న బొట్టుకు విద్యుదావేశం ఇచ్చి పక్కకు లాగుతారు. కణం చావదు! ఈ రెండు దారులు కలిసిన చోటు కూడా ముచ్చటైనదే. 1976-77లో మిల్‌స్టైన్ ప్రయోగశాలలో గడిపిన హెర్జెన్‌బర్గే, ప్రతిరక్షకాలనిచ్చే ఆ జంటకణానికి హైబ్రిడోమా అని పేరు పెట్టాడు.

ఆపైన వేగం అందుకుంది. 1984లో జాన్స్ హాప్కిన్స్‌లో కర్ట్ సివిన్ బృందం, తరువాత సీడీ34 అని పేరుపడిన ప్రోటీనును పట్టే ప్రతిరక్షకాన్ని తయారుచేసింది. మన మూలుగలో ఆ ప్రోటీను ఉన్న కణాలు సుమారు నూటికి ఒకటి నుంచి నాలుగు. 1988లో స్టాన్‌ఫర్డ్‌లో అర్వింగ్ వైస్‌మన్ బృందం ఒకటికి నాలుగు గుర్తులు కలిపి, ఎలుక మూలుగలో రెండువేలకు ఒకటిగా ఉండే కణాలను వడకట్టింది. ప్రాణాంతకమైన వికిరణం సోకిన ఎలుకల్లో సగాన్ని బతికించడానికి అటువంటి కణాలు ముప్ఫై సరిపోయాయి.

ఇదంతా ప్రయోగశాలలో ముగిసే ముచ్చట కాదు. కాన్సరు చికిత్సకోసం రోగి మూలుగను నాశనం చేయబోయే వైద్యుడికి, తిరిగి ఎక్కించే కణాల్లో సత్తా ఉన్నవి ఎన్నో ముందే తెలియాలి. బొడిపెలు లేచేదాకా ఆగే వ్యవధి లేదు. అందుకే సీడీ34 కణాలను లెక్కిస్తారు. రోగి బరువులో కిలోకు కనీసం ఇరవై లక్షలు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. గంటల్లో తేలే ఆ అంకె మీద ఒక ప్రాణం ఆధారపడుతుంది.

అయితే ఆనవాలు అసలు కాదు. సీడీ34 కణాల్లో అధికభాగం నిజమైన మూలకణాలు కావు, వాటి సంతానం. 1996లో జపానులో హిరోమిత్సు నకావుచి బృందం మరో చిత్రం చూపింది. ఎదిగిన ఎలుకల్లో ఆ ప్రోటీను దాదాపు లేని కణం, ఒక్కటే ఒక్కటి, రక్తమంతటినీ తిరిగి పుట్టించగలిగింది!

ఇప్పుడు 96 గుంటల పళ్ళేల్లో వందల ప్రతిరక్షకాలను ఒకే విడతలో పరీక్షిస్తున్నారు. 2017లో వచ్చిన సైట్-సీక్ పద్ధతిలో ప్రతిరక్షకాలకు డీఎన్ఏ చీటీలు కట్టి, వేలాది కణాల ప్రోటీన్లనూ ఆర్ఎన్ఏనూ కలిపి చదువుతున్నారు. అయినా ఎవరైనా కొత్త గుర్తు దొరికిందనగానే తోటి శాస్త్రజ్ఞులు అడిగేది పాత ప్రశ్నే: ఆ కణాన్ని ఎక్కించారా, రక్తం పుట్టిందా, అందులోంచి తీసి మరో ఎలుకకు ఎక్కిస్తే మళ్ళీ పుట్టిందా? యంత్రం ఎన్ని కోట్ల కణాలనైనా జల్లెడ పట్టనివ్వండి, గీటురాయి మాత్రం ఆ నెమ్మదైన పరీక్షే. వేగం వెతకడానికి పనికివస్తుంది. నమ్మడానికి కొన్నాళ్ళు ఆగవలసిందే.